చలువ

ఆ మే నెలలో పాశమైలారంలో ఒక మందుల యూనిట్‌లో అప్రెంటిస్‌గా ఉన్నాను. డ్రయ్యర్ పక్కన పని. బయట ఒళ్లు ఎండగట్టే వడగాలి, లోపల ఒళ్లంతా జిగట చేసే ఆవిరి. మధ్యాహ్నంలోపు మూడు సీసాల నీళ్లు తాగినా పిక్కలు పట్టేసి కూలబడిపోయాను. పక్కన పనిచేసే కాక తన డబ్బాలోంచి అంబలి పోసి చేతికిచ్చాడు.

"ఉత్త నీళ్లు ఎన్ని తాగినా గంతే బిడ్డా. చెమటల ఉప్పంత పాయె. ఇది తాగి జర కాళ్లు చాపి పండు."

ఆ వేసవి నుంచి అంబలి నేనే కాచుకుంటున్నాను. రాత్రి తైదపిండిని నీళ్లలో జారుగా కలిపి మూతపెడతాను. పొద్దుటికి సన్నగా పులుపు వాసన వస్తుంది. ఎసరు మరుగుతుండగా గుప్పెడు నూకలు వేసి, అవి మెత్తబడ్డాక పిండినీళ్లు సన్నధారగా పోస్తూ తిప్పాలి. ఇక్కడ చెయ్యి ఆగితే ఉండలు కడుతుంది. దించాక పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద సల్ల పోస్తే విరిగిపోతుంది. ఉప్పు, సల్ల, ఉల్లిగడ్డ ముక్కలు చివర్లో పడతాయి. ఓఆర్ఎస్ పొట్లంలో ఉప్పుతోపాటు చక్కెర ఎందుకుంటుందో తెలిశాక కాక మాట ఇంకా బాగా అర్థమైంది. చక్కెర తోడుంటే పేగులు ఉప్పునూ నీళ్లనూ తొందరగా పీల్చుకుంటాయి. పిండి అరిగితే అయ్యేది ఆ చక్కెరే.

చైనా సంప్రదాయ వైద్యంలో వేసవి గురించి చదువుతుంటే ఆ డ్రయ్యరే కళ్లముందు మెదిలింది. వాళ్లు ఎండాకాలపు వేడిని 'షు' అంటారు, చెమ్మను 'షీ' అంటారు. ఈ రెండూ జతకూడితే ఒళ్లు బరువెక్కుతుందని, ఆకలి చస్తుందని వాళ్ల లెక్క. ఆవిరి నిండిన చోట చెమట పడుతుందే కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. నేటి శరీరశాస్త్రం ఈ మాటే చెబుతుంది. మంజీర ఒడ్డు ఊళ్లలో రంజన్ నీళ్లు చల్లగా ఉండేది మన గాలి పొడిగా ఉండబట్టే. ఆ గాలి డ్రయ్యర్ గదిలోకి రాదు.

చైనావాళ్ల ప్రాచీన గ్రంథం హువాంగ్‌ది నైజింగ్ వేసవిని నిప్పుకూ గుండెకూ ముడిపెడుతుంది. రాత్రి కాస్త ఆలస్యంగా పడుకుని పొద్దున్నే లేవమంటుంది, కోపం పెట్టుకోవద్దంటుంది. చెమట గుండెకు చెందిన ద్రవమని ఆ వైద్యుల నమ్మకం. దాన్ని శాస్త్రమని అనను గానీ, చెమట ఊరికే పోయేది కాదన్న ఎరుక అందులో ఉంది. మన వాగ్భటుడు అష్టాంగహృదయంలో వేసవికి పగటినిద్రను అనుమతించాడు. కాళ్లు చాపి పండుమన్న కాక ఆ పుస్తకం చూసి ఉండడు.

చైనాలో వేసవి వస్తే పెసర్లు ఉడికించిన నీళ్లు తాగుతారు. నీళ్లు ఆకుపచ్చగా ఉండగానే దించితే ఎక్కువ చలువ అంటారు. ఏది చలువ, ఏది వేడి అని తిండిని మనలాగే విడదీస్తారు. మా పాశమైలారం పక్కన ఇస్నాపూర్‌లోని కార్మికుల గదుల్లో చూడండి, బిహార్ పిల్లలు సత్తు కలుపుకుంటారు, ఒడిశా వాళ్లు అన్నంలో నీళ్లు పోసి పఖాళ చేసుకుంటారు. ఎవరి చలువ వాళ్లు ఊరి నుంచి మూటగట్టుకుని వచ్చారు. జొన్న, సజ్జల మీద 1972 నుంచి పరిశోధన చేస్తున్న ఇక్రిశాట్ కూడా ఈ పక్కనే పటాన్‌చెరులో ఉంది. షిఫ్టు మధ్యలో మాత్రం చేతికొచ్చేది చాయ్.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది చైనా 2012లో తెచ్చిన నిబంధన. ఎండల్లో పనిచేసే వాళ్లకు చల్లబరిచే పానీయం ఇవ్వాలి, దానికి బదులు డబ్బులిచ్చి ఊరుకోకూడదు. పానీయం ఇచ్చామని వేడి భత్యం కోసుకోకూడదు కూడా. ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరిన రోజు బయటి పని ఆపాలి. పెసరనీళ్ల అలవాటు వంటింటి దగ్గరే ఆగిపోలేదు, కార్మికుడి హక్కు దాకా వచ్చింది. మన అంబలికి ఆ గౌరవం రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. డ్రయ్యర్ గది బయట నీడన ఒక రంజన్, ఒక అంబలి కుండ, తాగి కూర్చునే పది నిమిషాలు ఉండాలి. కొత్తగా చేరినవాడికి మొదటి వారం, పది రోజులు పని తగ్గించాలి. ఒళ్లు వేడికి అలవాటుపడటానికి అంత సమయం పడుతుంది.

ఒక్కమాట. మనిషి తడబడి మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. అప్పుడు నోట్లో అంబలి పోయకూడదు. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు కుమ్మరిస్తూ, గాలి విసురుతూ 108 పిలవాలి.

ఆ రోజు నేను పడుకున్న ఇరవై నిమిషాలూ నా డ్రయ్యర్‌ను కూడా కాకే చూసుకున్నాడు. లేచి చూస్తే ఆయన డబ్బా ఖాళీగా ఉంది. అడిగితే, పొద్దున్నే తాగొచ్చిన అన్నాడు.