కొత్త చేతికి ఏ ప్రాసెసర్?

ఎలక్ట్రిక్ గిటార్ కొన్న కొద్ది నెలలకే చాలామందికి ఎఫెక్టులన్నీ ఒకేచోట ఇచ్చే ప్రాసెసర్ మీదికి మనసు పోతుంది. అందులో తప్పు లేదు. డిస్టార్షన్, డిలే, రివర్బ్, వా పెడల్స్ విడివిడిగా కొనాలంటే గిటార్ ధర దాటిపోతుంది. తక్కువ ఖర్చులో ఎక్కువగా పోటీపడే పేర్లు రెండు. 2016లో వచ్చిన బాస్ జీటీ-1 ఒకటి, 2019లో వచ్చిన జూమ్ జీ1ఎక్స్ ఫోర్ మరొకటి. రెండూ జపాన్ కంపెనీలవే. రెండింటికీ ఎక్స్‌ప్రెషన్ పెడల్, అర నిమిషం పాటు వాయించినదాన్ని మళ్లీ మళ్లీ వినిపించే లూపర్ ఉన్నాయి. రెండూ నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తాయి. తేడా అంతా నేర్పే తీరులో ఉంది.

బాస్ పద్ధతి ఫలితం ముందు చేతికిస్తుంది. ఈజీ సెలెక్ట్‌లో కావలసిన తరహా ఎంచుకుంటే చాలు, టోన్ సిద్ధం. ఈజీ ఎడిట్‌లో టోన్, వైబ్, ఎకో అనే మూడింటినీ నాబ్‌లతో సర్దుకోవచ్చు. నూటికి పైగా ఎఫెక్టులున్నా బెదరనక్కర్లేదు. అయితే ఆ టోన్ ఏయే ఎఫెక్టుల కలయికో పైకి కనిపించదు. తెలుసుకోవాలంటే మెనూల లోపలికి వెళ్లాలి.

జూమ్‌లో ఒకేసారి ఐదు ఎఫెక్టుల దాకా వరుసగా పేర్చుకోవచ్చు. ఒక్కొక్కటీ తెరమీద పెడల్ బొమ్మగా కనిపిస్తుంది, దాని నాబ్‌లను కింద ఉన్న నాబ్‌లతోనే తిప్పుతాం. డిస్టార్షన్ ఒక్కటే ఉంచి గెయిన్ పూర్తిగా పెంచి ఒక స్కేల్ వాయించండి. సస్టెయిన్ మాటున తప్పులన్నీ దాక్కుంటాయి. గెయిన్ సగానికి తగ్గించి అదే స్కేల్ మళ్లీ వాయించండి. ఫ్రెట్‌కు దూరంగా పడిన వేలు ఏదో, సరిగా మ్యూట్ కాని తీగ ఏదో వెంటనే తెలుస్తుంది. చెవికి శిక్షణ అంటే ఇదే.

జూమ్‌కున్న మరో పెద్ద బలం 68 రిథమ్ ప్యాటర్న్‌లు. లూపర్‌తో కలిపి వాడుకుంటే ఇంట్లో ఒంటరిగా కూర్చున్నా తాళం తప్పకుండా సాధన చేయవచ్చు. జీటీ-1లో రిథమ్ ప్యాటర్న్‌లే లేవు. కొత్తవారు ఎక్కువగా తడబడేది లయ దగ్గరే కాబట్టి ఇది చిన్న లోటు కాదు. ఆల్కలైన్ సెల్స్‌తో జూమ్ 18 గంటలు, బాస్ 7 గంటలు నడుస్తాయని కంపెనీల లెక్క.

రికార్డింగ్‌లో మాత్రం బాస్‌దే పైచేయి. యూఎస్‌బీ కేబుల్‌తో నేరుగా కంప్యూటర్‌లోకి రికార్డు చేయవచ్చు. జూమ్ యూఎస్‌బీ ప్యాచ్‌ల (దాచుకున్న టోన్‌ల) ఎడిటింగ్‌కూ అప్‌డేట్లకూ మాత్రమే. ఆంప్‌కు కలిపేటప్పుడూ బాస్‌తోనే సులువు, అవుట్‌పుట్ సెలెక్ట్ మారిస్తే సరిపోతుంది. జూమ్‌లో ప్యాచ్‌లోకి వెళ్లి ఆంప్ మోడల్‌ను ఆపుకోవాలి. డ్రైవ్ టోన్‌లలో మీటే బలాన్ని బట్టి నాదం మారడం కూడా నా చెవికి బాస్‌లోనే సహజంగా వినిపిస్తుంది.

బ్యాండ్‌తో వేదిక ఎక్కేవారు, పాటలు రికార్డు చేసేవారు జీటీ-1 తీసుకోవాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇంట్లో మొదటి ఏడాది సాధన చేసేవారికి జీ1ఎక్స్ ఫోరే మేలు, ధర కూడా బాగా తక్కువ. మిగిలిన డబ్బుతో గిటార్‌కు మంచి తీగలు వేయించి, సెటప్ చేయించండి. ఏది కొన్నా మొదటి నెల క్లీన్ టోన్‌తోనే వాయించండి.