పొసైడన్ నౌకాచిత్రము - పునర్నిర్మాణవిమర్శ

ప్రాఁతకథను గ్రొత్తగాఁ జెప్పుట గుణమా, దోషమా యను ప్రశ్నము మన సాహిత్యమునకుఁ గ్రొత్తది కాదు. రామాయణ మొక్కటియే తెనుఁగున రంగనాథరామాయణమై, భాస్కరరామాయణమై, మొల్లరామాయణమై పలుమాఱు వెలసినది. ఒకటి యుండఁగా వేఱొకటి యేల యని యెవ్వరును దానిని గాదనలేదు. ఏలయన, ప్రతికర్తయు నా కథలోఁ దాను గనినదానిని జదువరులకుఁ జూపఁగలిగెను. కావునఁ బునఃకథనమునకు యోగ్యత క్రొత్తచూపే. అయితే చలనచిత్రకళయందు వేఱొక హేతువు బయలుదేఱినది. నాఁడు లేని పరికరములు నేఁడు కలవు. నాఁడు బొమ్మతోఁ జూపిన యోడను నేఁడు నిజమైన యోడయే యని భ్రమింపఁజేయునట్లు చూపవచ్చును. కాఁబట్టి యా చిత్రమును మరల నిర్మింపవలయు నని యా హేతువు. ఇది సద్ధేతువో, హేత్వాభాసమో విచారించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ఇందులకు లక్ష్యముగా 1972 లో వెలువడిన ‘ది పొసైడన్ అడ్వెంచర్’ అను నమెరికా చిత్రమును, దాని పునర్నిర్మాణమైన 2006 నాఁటి ‘పొసైడన్’ను గ్రహింతము. నడుమ 2005 లో టెలివిజనుకొఱకుఁ జేసిన రూప మొకటి కలదుగాని, అందు ఓడ మునుఁగుటకు విద్రోహుల ప్రేలుడు కారణ మగుటచే నది ప్రస్తుతవిచారమునకుఁ బనికిరాదు. పైరెండింటికిని గథ యించుమించుగా నొక్కటియే. నడుమ 34 ఏండ్ల యంతరము. పరికరములలో మాత్రము భూమ్యాకాశముల భేదము. పరీక్ష కింతకంటె ననువైన జంట దొరకుట యరుదు.

మూలము పాల్ గాలికో యను రచయిత 1969 లోఁ బ్రకటించిన నవల. దానిని ఇర్విన్ ఆలెన్ నిర్మాతగా, రానల్డ్ నీమ్ దర్శకుఁడుగా చిత్రముగా మలఁచిరి. గ్రీకుల సముద్రదేవత పేరు దాల్చిన యొక ముసలియోడ తన తుదిప్రయాణమున న్యూయార్కునుండి ఏథెన్సునకుఁ బోవుచుండును. నూతనసంవత్సర మడుగిడు వేళ సముద్రగర్భమున భూకంపము పుట్టి, దానివలన లేచిన మహాతరంగము ఓడను దలక్రిందు చేయును. భోజనశాలలోఁ బైకప్పు నేల యగును, నేల పైకప్పగును. రక్షకులు వచ్చువఱకు నిచ్చటనే యుండుఁ డని యోడ యుద్యోగి చెప్పును. ఓడ యడుగు ఇప్పుడు పైనున్నది, ఉక్కురేకు పలుచనైన చోటికి మనమే యెక్కిపోవలయు నని మతబోధకుఁడైన స్కాట్ వాదించును. క్రిస్మసు చెట్టును నిచ్చెనగాఁ జేసికొని పదిమంది బయలుదేఱుదురు. ఆఱుగురు మాత్రము బయటపడుదురు. ఈ చిత్రమైనను మూలమును యథాతథముగ ననుసరింపలేదు. నవలలో రాబిన్ అను బాలుఁడు చీఁకటిలోఁ దప్పిపోయి మరలఁ గానరాఁడు. చిత్రమున వాఁడు బ్రదికి బయటపడును. కాఁబట్టి మార్పు చేయుటయే యపరాధ మని పునర్నిర్మాతలను నిందించుట న్యాయము గాదు. ఏ మార్పు దేనికొఱకుఁ జేసి రన్నదే చూడవలసినది.

2006 నాఁటి చిత్రమునకు దర్శకుఁడు వుల్ఫ్‌గాంగ్ పీటర్సన్. జర్మనుభాషలో 1981 లో ‘డాస్ బూట్’ అను జలాంతర్గామికథను, 2000 లో ‘ది పర్ఫెక్ట్ స్టార్మ్’ను నిర్మించిన యితనికి సముద్రము క్రొత్త గాదు. పాతచిత్రమునకైన వ్యయము సుమారు 50 లక్షల డాలర్లు. క్రొత్తదానికి 16 కోట్ల డాలర్లని ప్రకటితము. కాలక్రమమున డాలరు విలువ తగ్గినమాట నిజమే; ఆ తగ్గుదలను మినహాయించినను వ్యయము పలురెట్లు పెరిగినది. నిడివి మాత్రము 117 నిమిషములనుండి 98 నిమిషములకుఁ దగ్గినది. పెరిగిన దేది, తగ్గిన దేది యనుటలోనే మన విచారమునకుఁ దాళపుచెవి యున్నది.

ఇఁక శాస్త్రదృష్టితోఁ జూతము. భరతముని యభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగువిధములుగ విభజించెను. ఆహార్యమనఁగా నేపథ్యవిధి. అందుఁ బుస్తము, అలంకారము, అంగరచన, సజీవము అని మరల నాలుగు భేదములు. కొండలు, వాహనములు మున్నగువాని ప్రతిరూపములను గల్పించుట పుస్తము. అది సంధిమము, వ్యాజిమము, వేష్టిమము అని త్రివిధము. యంత్రముచేఁ గదల్పఁబడునది వ్యాజిమము. నేఁడు స్పెషల్ ఎఫెక్టు లని వ్యవహరింపఁబడుచున్నవి యీ శాస్త్రమున కపరిచితములు గావు. 1972 నాఁటి చిత్రమున వాడిన యిరువది యడుగులకుఁ బైబడిన యోడబొమ్మ పుస్తమే. యంత్రబలముచే నొకవైపు పైకి లేపఁబడిన భోజనశాల వ్యాజిమమే. 2006 లోఁ గంప్యూటరు గణనచే నిర్మితమై, చేతికందు బొమ్మయైనను లేక తెరమీఁదనే తేలిన యోడ యీ వ్యాజిమమునకుఁ బరాకాష్ఠ యనవచ్చును.

ప్రయోగమంతయు నాహార్యమునందే నిలిచియున్న దని భరతుఁడే దాని గౌరవమును జాటినాఁడు. కాఁబట్టి పండితులు మాయాదృశ్యములను బాలవినోదములుగాఁ దీసివేయరాదు. అయితే యా మునియే సత్త్వాధికమైన యభినయమును జ్యేష్ఠ మనినాఁడు. ఆహార్యము పునాది, సాత్త్వికము గృహము. అరిస్టాటిలును తన కావ్యశాస్త్రమున భయకరుణములు దృశ్యాడంబరముచేతఁ బుట్టవచ్చుఁగాని, కథాసంవిధానముచేతఁ బుట్టుటయే మేలైన కవిలక్షణ మని నిర్ణయించెను. దూరదేశములవారైన యిరువురు శాస్త్రకర్త లొక్కచోటికే వచ్చుట గమనింపఁదగినది.

విపత్కథలలో రెండు రసములు ప్రధానములు: భయానకము, కరుణము. భయానకమునకు మహాతరంగ మాలంబనము. భయపడు ప్రయాణికుఁ డాశ్రయము. కరుణమునకు మృతుఁ డాలంబనము. వానికై దుఃఖించువాఁ డాశ్రయము. పరికరములు వృద్ధిచేయఁగలిగినది భయానకాలంబనము నొక్కదానినే. తరంగమును వేయిరెట్లు భీకరముగఁ జూపవచ్చును. కాని దానిని జూచి భయపడు మనుష్యుఁ డెవ్వఁడో, వాఁడు పోయిన నేడ్చువా రెవ్వరో మనకుఁ దెలియకున్న భయము కన్నులలోనే నిలిచి హృదయమునకు దిగదు. అది యద్భుత మగునేకాని భయానకము కానేరదు. కరుణము మాట యటుండనిండు.

ఈ సూత్రముతో రెండు చిత్రములను బోల్తము. మొదట విపత్కారణము. పాతచిత్రములోఁ దరంగమునకు ముందే యొక మానవదోషము కలదు. ఓడలో నడుగుబరువు చాల దని కెప్టెను మొఱపెట్టినను, యజమానుల ప్రతినిధి ధనవ్యయమునకు వెఱచి వేగముగాఁ బోవలసినదే యని నిర్బంధించును. అందుచేఁ దరంగము దైవికమైనను వినాశము కొంతవఱకు మానవకృతము. క్రొత్తచిత్రమున నీ యంశము లేదు. తరంగము వచ్చును, ఓడ తిరగఁబడును, ఎవ్వరికిని బాధ్యత లేదు. కారణము తొలఁగుటతోఁ గథ కేవలప్రమాద మైనది.

ఇచ్చటఁ బునర్నిర్మాతల సుగుణమొకటి చెప్పకుండుట పక్షపాతము. పాతచిత్రములో భౌతికశాస్త్రదోషము కలదు. సముద్రభూకంపమువలనఁ బుట్టు సునామీ లోఁతైన నీటిలో నత్యల్పమైన యెత్తు గలిగి, ఓడలవారి కెఱుకపడకయే దాఁటిపోవును. తీరమున నీరు పలుచనైన చోటనే గోడవలె లేచును. 2004 డిసెంబరు 26 న మన కోస్తాను దాఁకిన సునామీ యీ విషయమును మనకు మిక్కిలి క్రూరముగ బోధించినది. క్రొత్తచిత్రమువారు భూకంపమును విడిచి, నడిసముద్రమున నాకస్మికముగ లేచు నొంటితరంగమును గారణముగఁ గైకొనిరి. ఇట్టి తరంగములు నావికుల కట్టుకథ లని చిరకాలము తలఁపఁబడినవి. 1995 జనవరి 1 న నార్వే కెదుట ఉత్తరసముద్రములోని డ్రౌప్నర్ వేదికపై 25.6 మీటర్ల తరంగము పరికరములచేఁ గొలువఁబడుటతో నా సంశయము తీఱినది. చిత్రకథలోని ముహూర్తమునకే, నూతనసంవత్సరదినముననే, ప్రకృతి యీ సాక్ష్యము నిచ్చుట చిత్రము. కాఁబట్టి సత్యమునకు సంబంధించినంతవఱకుఁ బునర్నిర్మాణము మూలమును దిద్దినది. కాని రససిద్ధి వేఱు, శాస్త్రశుద్ధి వేఱు.

రెండవది యాశ్రయము. 1972 నాఁటి చిత్రమునఁ దరంగము వచ్చుటకు ముందు మన మోడలోఁ జాలసేపు తిరుగుదుము. పోలీసుద్యోగి రోగోయు వాని భార్యయు నెట్లు పోట్లాడుకొందురో, అంగడివాఁడు మార్టిన్ ఎంత యేకాకియో, రోజెన్ దంపతులు తామెన్నఁడును జూడని మనుమని జూడఁబోవుచు నెంత మురియుదురో మన కెఱుకపడును. 2006 లోఁ దరంగము తొందరగ వచ్చును. చిత్రారంభమునఁ గెమెరా నీటినుండి వెడలి యోడను జుట్టివచ్చు దృశ్యము రెండు నిమిషములకుఁ బైగ నెడతెగక సాగును, అది యద్భుతకౌశలము. అయితే యా కాలమున మనము పరిచయము చేసికొనునది యోడతోఁ గాని యోడలోని వారితోఁ గాదు. జూదరి, మాజీనగరాధ్యక్షుఁడు, వాని కూఁతురు, వృద్ధవాస్తుశిల్పి, తల్లియు బాలుఁడు అని పాత్రలను వృత్తిచేతనో బాంధవ్యముచేతనో గుర్తింతుముగాని స్వభావముచేత గుర్తింపము.

మూఁడవది పతనదృశ్యము. పాతచిత్రమున నోడ తిరగఁబడినపు డొక యువకుఁడు పైన వ్రేలాడు బల్లను బట్టుకొని కొంతసేపు నిలిచి, పట్టు సడలి, క్రిందనున్న గాజుపలకపైఁ బడును. పడినవాఁ డొక్కఁడు, అది నిజమైన శరీరము, నిజమైన యెత్తు. అర్ధశతాబ్దము గడచినను జూచినవారు దానిని మఱవలేదు. క్రొత్తచిత్రమున వందలకొలఁది శరీరము లెగిరిపడును. సంఖ్య పెరిగినకొలఁది మరణము గణిత మగును.

నాలుగవది, ముఖ్యమైనది, ప్రాణత్యాగఘట్టము. స్థూలకాయురాలైన బెల్ రోజెన్ తన బరువుచేఁ దోడివారి కడ్డ మగుదు నేమో యని సిగ్గుపడుచు వచ్చును. నీట మునిఁగిన మార్గమున స్కాట్ చిక్కుకొన్నపుడు, పడుచుదనమున నీఁతపోటీలలో గెలిచిన యా వృద్ధయే దూఁకి యాతని రక్షించి, గుండె యాగి మరణించును. మనుమనికిఁ జేర్పవలసిన పతకమును స్కాట్ చేతఁ బెట్టును. పాత్రలో మొదట లోపముగఁ దోఁచినది తుదకు త్యాగమునకు మూలమగుట సంవిధానచాతుర్యము. షెల్లీ వింటర్స్ అభినయమున సత్త్వ మధికము. ఇచ్చట నాహార్యము నీళ్లతొట్టి మాత్రమే.

క్రొత్తచిత్రమునను నింతటి బీజమొకటి కలదు. లిఫ్టుగూటిలో వృద్ధవాస్తుశిల్పి నెల్సన్ వ్రేలాడుచుండఁగా, వాని కాలిని బట్టుకొని వాలెంటిన్ అను పరిచారకుఁడు వ్రేలాడును. ఇరువురను లాగుట యసాధ్య మగుటచే, పై నున్నవారి యాజ్ఞపై నెల్సన్ వానిని దన్ని త్రోసివేయును. తరువాత నా మృతుని స్నేహితురాలైన ఎలెనాతోనే యాతఁడు నడచును. తాను బ్రదుకుటకు వేఱొకనిని జంపినవాఁ డా దుఃఖితురాలి మొగము నెట్లు చూచును? మహాకవి చేతిలో నిది యొక్కటియే కావ్యమున కంతటికిని బ్రాణ మయ్యెడిది. కాని చిత్రము తరువాతి యగ్నికిని తరువాతి జలమునకును వేగిరపడి యీ బీజమును విడిచిపెట్టినది. ఎలెనా నిజ మెఱుఁగకయే మరణించును. నెల్సన్ చెప్పకయే బ్రదుకును. నా యభిప్రాయమునఁ బునర్నిర్మాణమున కిదియే తీరని లోపము. క్రొత్తగాఁ జూడఁదగిన దొకటి కర్తలకు దొరకినది. దొరకినదని వా రెఱుఁగలేదు.

ఇచ్చట నొక పూర్వపక్షము పుట్టును. మాయాదృశ్యములే కథను జెఱచె నందు రేని, 1997 నాఁటి ‘టైటానిక్’ మాట యేమి, అందు నంతకంటె నాడంబరము లేదా యని. ఉన్నది. కాని యందు మంచుకొండ తగులుటకు ముందు మూఁడుగంటలకుఁ బైబడిన చిత్రములో సగము గడచును. ఆ కాలమంతయుఁ గర్త యాశ్రయాలంబనములను బోషించును. పరికరము లచ్చటఁ గథకు సేవకులు. కాఁబట్టి పరికరములు దోషకారణములు గావు. అవి పునర్నిర్మాణమునకు హేతువు లనుటయే దోషము. మన తెలుఁగుతెరపై 1936 లో వెలువడిన ‘మాయాబజారు’ కథనే 1957 లో కె.వి. రెడ్డి మరలఁ జిత్రించెను. అందు మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణమాయ లెన్ని యున్నను, ప్రేక్షకుల హృదయమున నిలిచినది ఘటోత్కచుని చతురతయు, మాయాశశిరేఖ వేషమున నటి చూపిన ద్వంద్వాభినయమును. అచ్చటి మాయ కథలోనిది, పైపూఁత గాదు.

పాతచిత్రము నిర్దుష్ట మని నా వాదము గాదు. స్కాట్ ప్రసంగములలో నాడంబర మెక్కువ. కొన్ని స్త్రీపాత్రలకు భయపడుటకంటె వేఱుపని యీయఁబడలేదు. ఇట్టి లోపములే పునర్నిర్మాతకు నిజమైన యవకాశములు. వానిని దిద్దవలసిన చోట వారు జలమునకు మెఱుఁగు పెట్టిరి. పాతచిత్రమునకు దృశ్యమాయలకై ఆస్కారు విశేషపురస్కార మబ్బినది. క్రొత్తచిత్రము నా శాఖలోనే పోటీకి నిలిచినదిగాని గెలువలేదు. బొమ్మయోడ గెలిచిన చోటఁ గంప్యూటరుయోడ యోడిపోవుటను శాస్త్రప్రమాణముగఁ గొనరాదుగాని, ఆలోచింపఁదగిన విషయమే.

తెనుఁగున తెర యను పదమునకుఁ దరంగమనియు, యవనిక యనియు రెండర్థములు కలవు. చిత్రకర్త యెన్ని పరికరములు సంపాదించినను మొదటితెరను రెండవతెరపై నెక్కింపఁగలఁడు, అంతియే. ఆ తెర దాఁటి చూపరి గుండెను దాఁకుటకు నడుమ నొక మనుష్యుఁడు కావలయును. కాఁబట్టి ప్రాఁతచిత్రమును మరల నిర్మింపఁ దలఁచువాఁడు మూఁడు ప్రశ్నములు వేసికొనుట యుచితము: మూలకర్త చూడని మనుష్యస్వభావ మేదైన నేను జూచితినా? మూలమునందలి కార్యకారణసంబంధమును బలపఱచితినా, తెంచితినా? క్రొత్తపరికరము లేకున్నను ఈ కథను మరలఁ జెప్పుటకు నాకుఁ గోరిక కలుగునా? మూఁడవదానికి లేదను సమాధానమే వచ్చినచో, నా నిర్మాణము పరికరప్రదర్శనమే యగును గాని పునఃసృష్టి కానేరదు.