నల్లకోటు విప్పిన బేస్ గిటారు

గయానా నుంచి వచ్చి దక్షిణ లండన్‌లో పెరిగిన ఇద్దరు స్నేహితులు, గిటారు వాయించే పాట్రిక్ ప్యాటర్సన్, బేస్ వాయించే స్టీవ్ స్కిపియో, 1971లో సిమాండే బృందాన్ని కట్టారు. 1972 నుంచి 1974 దాకా ఏడాదికొకటి చొప్పున మూడు ఆల్బమ్‌లు చేశారు. ఆ తర్వాత బృందం చెదిరింది, వీళ్ళిద్దరూ లా చదువుకుని వకీళ్ళయ్యారు. 2025 జనవరిలో 'రెనసెన్స్' పేరుతో కొత్త ఆల్బమ్ విడుదల చేశారు. దానికి తెలుగులో తోడుగా వస్తున్నది ఈ చిన్న పుస్తకం. రాసినవాడు నా కళ్ళముందు పెరిగిన కుర్రాడు గనక మెచ్చుకుంటున్నానని అనుకోకండి. అతనితో నాకు పేచీ కూడా ఉంది, అదీ చెబుతాను.

ఇలాంటి కథ చేతికి చిక్కితే చాలామంది ఏడుపుతో మొదలుపెడతారు. ఏడవడానికి కారణమూ ఉంది. అమెరికాలో సోల్ గాయకుడు అల్ గ్రీన్‌తో కలిసి ఊరూరా తిరిగి, హార్లెమ్‌లో అపోలో థియేటర్ వేదికెక్కినవాళ్ళను సొంత దేశం పట్టించుకోలేదు. నల్లజాతి బృందాలంటే ఆనాటి బ్రిటిష్ సంగీత వ్యాపారానికి చిన్నచూపు. మనవాడు ఆ అన్యాయాన్ని ఒక్క అధ్యాయంలో సూటిగా చెప్పి, వాయింపు దగ్గరికి వచ్చేశాడు. నాకు నచ్చింది అక్కడే.

'డవ్' అనే పాట గురించి రాసిన పేజీలు మళ్ళీ మళ్ళీ చదివాను. దాదాపు పదకొండు నిమిషాల పాట అది. తొందరన్నది లేదు. గిటారు తన దారిన తాను తిరుగుతుంటుంది, గొంతులు మాటల్లేకుండా సాగుతాయి, కాంగా డోళ్ళు లోలోపల నడుస్తుంటాయి. పాటను మోసేది మాత్రం స్కిపియో బేస్. రాస్తాఫారీల డోలు, కాలిప్సో, సోల్, జాజ్ కలిసిన ఈ బాణీకి వాళ్ళు పెట్టుకున్న పేరు నైయా-రాక్. ఇళయరాజా పాటల్లో పల్లవి వదిలేసి బేస్ వెంట నడిచే అలవాటున్న మన శ్రోతలకు ఇది ఇట్టే పట్టుబడుతుంది.

వీళ్ళు కోర్టు కాగితాల్లో మునిగి ఉన్న కాలంలో పాటలు మాత్రం ఊరుకోలేదు. 'బ్రా' పాటలోని (సోదరుణ్ణి పిలిచే పిలుపది, అపార్థం వద్దు) ఒక ముక్కను హిప్-హాప్ బృందం డి లా సోల్ 1989లో తమ పాటలోకి తీసుకుంది. 1994లో దర్శకుడు స్పైక్ లీ 'క్రుక్లిన్' సినిమాలో ఆ పాటనే వాడాడు. 1996లో ఫ్యూజీస్ బృందం 'ద స్కోర్' ఆల్బమ్‌లో 'డవ్' మోగింది. సిమాండే పేరు తెలియని పిల్లలకు సిమాండే బేస్ కంఠతా వచ్చేసింది. అందుకే కొత్త ఆల్బమ్‌ను పునరాగమనం అనడానికి మనవాడు ఒప్పుకోడు. నేనూ ఒప్పుకోను. పైగా 'యాభై ఏళ్ళ మౌనం' అని రాసేవాళ్ళు 2015లో వచ్చిన 'ఎ సింపుల్ యాక్ట్ ఆఫ్ ఫెయిత్' ఆల్బమ్‌ను మరిచిపోతారు. ఇతను మరవలేదు.

కొత్త ఆల్బమ్‌ను ముసలివాళ్ళ ముచ్చట అని జాలితో కాకుండా, పాతవాటి పక్కన పెట్టి తూచాడు. యువ గాయని సెలెస్ట్, సోల్ టు సోల్ బృందం జాజీ బి అతిథులుగా వచ్చారు. చుట్టాలొచ్చారని ఇంటివంట మార్చలేదు వీళ్ళు. వయసు గొంతులో తెలుస్తుందేమో గానీ లయలో తెలియదని నా అభిప్రాయం.

ఇక పేచీ. మొదటి మూడు ఆల్బమ్‌లనూ రూపొందించిన నిర్మాత జాన్ ష్రోడర్‌కు ఒక్క పేరాయేనా? వాటిలో మూడోదైన 'ప్రామిస్డ్ హైట్స్'కు మూడు పేజీలేనా? రెండో ముద్రణలో ఈ బాకీ తీర్చాలి. మరొకటి: మద్రాసు రేవు నుంచి గయానాకు వెళ్ళిన కూలీల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ చుట్టరికం చూపించి సిమాండేను మనవాళ్ళను చేసెయ్యాలనే ఆశకు ఇతను లొంగలేదు. దానికి మాత్రం వీపు తడుతున్నాను.

పాఠకులకు ఒక్క మాట. మూడో అధ్యాయం తెరిచేముందు 'డవ్' మొత్తం వినండి. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, అందులో బేస్ వినపడి చావదు.