తలుపు సద్దు వినండి

రాబర్ట్‌సన్‌పేటలో కారు సెంట్రల్ లాక్ మొండికేస్తే ముందు తిట్లు తినేవి సైనైడు దిబ్బలే. 2001 ఫిబ్రవరి 28న ఇక్కడి కోలార్ బంగారు గనులు మూతపడ్డా, రాయిని పిండిచేసి బంగారం తీయగా మిగిలిన ఆ మెత్తటి దిబ్బలు ఎక్కడికీ పోలేదు. ఆషాఢం గాలికి ఆ పొడి అద్దాల సందుల్లోంచి తలుపుల్లోకి దిగి, లాకు గ్రీజులో కలిసి ముద్దకడుతుంది. అయినా ప్రతి నేరమూ దిబ్బల మీద వేస్తే ఎలా?

ఆండర్సన్‌పేటలో నేను బండి చూపించే ఎలక్ట్రీషియన్ ముందే స్క్రూడ్రైవర్ ముట్టడు. "బటన్ నొక్కండి సార్, సద్దు విందాం" అంటాడు. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు తెప్పించుకున్న ఊరు, వైరుకు జంకుతుందా అని అతని ధీమా. నాలుగు తలుపులూ మూగబోతే ఫ్యూజు, రిలే చూస్తాడు. తాళంచెవికి పలికి రిమోటుకు పలకకపోతే రిమోటులో బిళ్ల బ్యాటరీ మారుస్తాడు. ఒక్క తలుపే నీరసంగా 'టిక్' అంటే మోటారును లాకుకు కలిపే లోపలి కడ్డీ ఊడదీసి మళ్లీ నొక్కమంటాడు. అప్పుడు మోటారు చురుగ్గా కదిలితే బిగుసుకున్నది లాకు. మోటారుది తప్పు కాదు.

లాక్ పడ్డ మరుక్షణమే తనంతట తెరుచుకునే బండి చాలామందిని బెదరగొడుతుంది. బయట బిగించే కిట్లలో మామూలు తలుపు మోటారుకు రెండే వైర్లు: కరెంటు ఒక దిక్కున పోతే మూత, తిరగేస్తే తెరుపు. డ్రైవర్ తలుపుకు మాత్రం అయిదు. ఆ అదనపు మూడూ, లాకు పడి ఉందో తెరిచి ఉందో చెప్పే స్విచ్చువి. కడ్డీ పూర్తిగా కదలకపోతే ఆ స్విచ్చు 'తెరిచారు' అని అబద్ధమాడుతుంది, మిగతావి నమ్మేస్తాయి. కడ్డీ స్క్రూ కాస్త జరిపితే చాలు. దీనికి కిట్టంతా మార్చమనే షాపులున్నాయి; నాకు ఒళ్లు మండేది అక్కడే.

అసలు దొంగ తరచూ డ్రైవర్ తలుపు బందు దగ్గరి రబ్బరు గొట్టంలో ఉంటాడు. తలుపు తీసినప్పుడల్లా వంగి వంగి, వైరు పైతొడుగు బాగానే ఉన్నా లోపల రాగి తెగుతుంది. కంటికి కనపడదు. ఒక్కో వైరునూ మెల్లగా లాగాలి. రాగి తెగినచోట తొడుగు సాగుతుంది. మెలిపెట్టి టేపు చుడితే నాలుగు నాళ్లకు మళ్లీ తెగుతుంది. కొత్త వైరు ముక్క కలిపి టంకం వేయాలి, ఆ అతుకు వంపులో పడకుండా తలుపు లోపలికి జరపాలి.

దుమ్ము పట్టిన లాకుకు పాత గ్రీజు మీదే కొత్తది పూయకండి. ముందు పాతది కడిగించండి.