పాత ఫ్యాషన్ ఎవరి గుమ్మం ఎక్కుతుంది?

భీమడోలులో బట్టల కొట్టు నడిపేవారిని ఫ్యాషన్ జోస్యులని ఎవరూ అనరు. చేసేది మాత్రం ఆ పనే. మూఢం ఎప్పుడు విడుస్తుంది, ద్వారకా తిరుమల కొండమీద పెళ్ళిళ్ళు ఏ నెలలో జోరందుకుంటాయి, మాసూళ్ళు ఎలా ఉన్నాయి, చేపకూ రొయ్యకూ ధర పలుకుతోందా అన్నవి లెక్క చూసుకుని ముందుగానే సరుకు దించుకోవాలి. లండన్‌లో 1998లో పుట్టిన డబ్ల్యూజీఎస్ఎన్ లాంటి సంస్థలు పెద్ద ఎత్తున చేసేదీ ఇదే. అక్కడ పంచాంగం బదులు అమ్మకాల లెక్కలూ, ఫ్యాషన్ షోల ఫొటోలూ, సోషల్ మీడియా పోస్టులూ ఉంటాయి. ఇద్దరికీ తరచుగా ఫలించే జోస్యం ఒకటుంది: పాతది మళ్ళీ వస్తుంది. బుట్టచేతుల జాకెట్టు వచ్చింది, లంగావోణీ వచ్చింది, అల్లిక లేసు వచ్చింది, కలంకారీ వచ్చింది. అయితే వచ్చిన ఫ్యాషన్ ఎవరికి అన్నం పెడుతుందన్నది ఈ జోస్యంలో ఉండదు. మోజు ఎప్పుడు తిరిగొస్తుందో కాలం చెప్పొచ్చు గానీ, అది ఎవరి గుమ్మం ఎక్కుతుందో చెప్పేది రెండు మోజుల నడుమ పని మానకుండా నిలిచిన చేయి మాత్రమే. కొల్లేటికి దక్షిణాన కలంకారీ అద్దే పెడన, ఆగ్నేయాన లేసు అల్లే నరసాపురం ఇందుకు రుజువులు.

ముందు కాలం సంగతి. బ్రిటిష్ వేషచరిత్రకారుడు జేమ్స్ లేవర్ 1937లో ఒక సరదా పట్టీ రాశాడు. దాని ప్రకారం ఒక వేషం ఏడాది దాటితే నాసిగా, పదేళ్ళకు వికారంగా, ఇరవై ఏళ్ళకు నవ్వులాటగా కనిపిస్తుంది. యాభై ఏళ్ళకు వింత సొగసు తెచ్చుకుని, డెబ్బై ఏళ్ళకు మనసు దోచుకుంటుంది. ఇది కొలిచి చెప్పింది కాదు, చూసి చెప్పింది. కొలిచినవారూ ఉన్నారు. మానవ శాస్త్రవేత్త క్రోబర్, జేన్ రిచర్డ్‌సన్‌తో కలిసి మూడు శతాబ్దాల పాశ్చాత్య స్త్రీల దుస్తుల పొడవు, వెడల్పు కొలిచి 1940లో ప్రచురించాడు. ఏడాదికేడాది మార్పులు గజిబిజిగా కనిపించినా, దశాబ్దాల వెడల్పున చూస్తే నెమ్మదైన అలలు తేలాయి. మన దగ్గర 2018లో వచ్చిన ‘మహానటి’కి వేషాలంకరణలో జాతీయ పురస్కారం దక్కింది. అందులో సావిత్రి కాలపు చీరలకూ జాకెట్లకూ అప్పటికి అరవై ఏళ్ళ వయసు. లేవర్ పట్టీలో అది వింత సొగసుకూ మనోహరానికీ మధ్య మెట్టు. జోస్యం బాగానే కుదిరింది. కానీ తెరమీది చీరను కోరుకున్న ప్రేక్షకురాలికి మగ్గం మీద నేసినది దొరకాలంటే, మధ్యలోని అరవై ఏళ్ళూ ఆ మగ్గం ఆడి ఉండాలి.

పెడన కలంకారీ అద్దకం ఒక సీజన్‌లో నేర్చుకుని చేసేది కాదు. గుడ్డకున్న గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ నీళ్ళలో వారాల తరబడి పులియబెట్టిన ద్రావకంలో టేకు అచ్చు అద్ది గుడ్డ మీద వేస్తే, కరక్కాయ పట్టిన చోట నల్లగీత తేలుతుంది. ఎరుపుకు వేసే అచ్చులో రంగే ఉండదు, పటిక ఉంటుంది. గుడ్డను పారే నీటిలో జాడించి చిరివేరు, మంజిష్ఠ లాంటి వేళ్ళతో ఉడికించినప్పుడు పటిక ఉన్నచోటే ఎరుపు గట్టిగా పడుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు, ఒక్కో ఉతుకు, ఒక్కో ఎండ. నీటి గుణం మారినా ఎండ తగ్గినా రంగు మారుతుంది. ఏ రోజున ఎంత ఉడకాలో గడియారం చెప్పదు, చూపు చెబుతుంది. ఆ చూపు ఒక తరం పాటు పని మానేస్తే పోతుంది.

మోజు తిరిగొచ్చినంత మాత్రాన పాత చేతికి పని దొరకదనడానికీ ఈ అద్దకం చరిత్రే సాక్ష్యం. పదిహేడో శతాబ్దంలో పెడన పక్కనే ఉన్న మచిలీపట్నం, ఇతర కోరమండల్ రేవుల నుంచి వెళ్ళిన పూల అద్దకం గుడ్డలకు ఐరోపా ఎంతగా మోజుపడిందంటే, అక్కడి నేతగాళ్ళ గోల తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. ఇంగ్లండ్ 1700లోనూ 1721లోనూ చట్టాలు చేసింది. ఫ్రాన్స్ 1759లో, ఇంగ్లండ్ 1774లో ఆంక్షలు తీసేశాయి. గిరాకీ చావలేదు. అయితే ఈలోపు అక్కడివాళ్ళు అద్దకం నేర్చేసుకున్నారు. 1760లో పారిస్ దగ్గర జూయీలో ఓబర్‌కాంఫ్ అద్దకం కార్ఖానా మొదలైంది. మోజు తిరిగొచ్చింది గానీ మన రేవు దాకా రాలేదు. ఆ తర్వాత మచిలీపట్నం అద్దకాన్ని బతికించింది ఐరోపా ఫ్యాషన్ కాదు, ఇరాన్ ఇళ్ళు. గోడ తెరలూ, నమాజు గుడ్డలూ అడుగుతూ ఉన్న ఆ నికరమైన బేరం ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళ దాకా చేతుల్ని ఆడించింది. కమలాదేవి ఛటోపాధ్యాయ లాంటివారు 1950లలో పునరుద్ధరణకు పూనుకున్నప్పుడు పిలవడానికి చేతులు కొన్నయినా మిగిలాయంటే కారణం అదే.

నరసాపురం లేసుది వేరే దారి. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి జిల్లాలకు వచ్చిన ఈ పనిలో దారం, కొక్కెం ఉన్న సూది తప్ప పరికరం లేదు. ఒక లంకెలోంచి మరో లంకె లాగుతూ పువ్వు అల్లడం చేతిపని, ఆ పువ్వుల్ని కలిపి టేబుల్ గుడ్డగానో పైబట్టగానో చేయడం అతుకుపని. ఒకరింట్లో అల్లినది మరొకరింట్లో అతుకుతారు. 1970లలో పాశ్చాత్య యువత తొడిగిన అల్లిక దుస్తులు 2020 తర్వాత మళ్ళీ దుకాణాలకెక్కాయి. ఆ మోజు వచ్చేనాటికి నరసాపురం పరిసరాల్లో వేలమంది స్త్రీలు అల్లుతూనే ఉన్నారు కాబట్టి ఆర్డరు ఇక్కడికి రాగలిగింది. 2024లో భౌగోళిక గుర్తింపూ దక్కింది.

ఈ వాదనకు అభ్యంతరాలున్నాయి. మొదటిది, విదేశీయులు తెచ్చిన లేసు మన సంప్రదాయమెలా అవుతుందని. పెడన నమూనాల్లోనూ పారశీక అభిరుచి నిండా ఉంది. ఏలూరు తివాచీదీ పర్షియా మూలమే. సంప్రదాయానికి పుట్టినూరు కంటే పెరిగిన చేయి ముఖ్యం. రెండోది, యంత్రం అన్నీ చేస్తుంటే చేతుల లెక్క ఎందుకని. అల్లికకు దగ్గరగా కనిపించేది యంత్రం నేస్తుంది గానీ, అసలు కొక్కెం సూది లంకెను ఇప్పటికీ చేయే వేయాలి. కలంకారీ విషయంలో మాత్రం అభ్యంతరం బలమైనదే. స్క్రీన్ ప్రింటు నకలు చౌకగా వచ్చి అసలు పేరునే వాడుకుంటోంది. జూయీ కథ మళ్ళీ జరగదన్న హామీ లేదు. అందుకే అసలును గుర్తుపట్టగల కొనుగోలుదారు అవసరం ఇప్పుడు మరింత పెరిగింది. మూడోది, ఇన్‌స్టా కాలంలో ఫ్యాషన్ నెలల్లో మారుతోంది, లేవర్ లెక్కలు చెల్లవని. చక్రం ఎంత వేగంగా తిరిగితే, తరం పట్టి నేర్చే పని దాన్ని అందుకోవడం అంత కష్టం. కనుక ముందే సిద్ధంగా ఉన్న పనితనం విలువ పెరుగుతుందే గానీ తరగదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్‌ది. నరసాపురం లేసు స్త్రీల మీద 1982లో వచ్చిన తన పుస్తకంలో, ప్రపంచ మార్కెట్టుకు సరుకు చేస్తున్నవారిని తీరిక వేళ అల్లుకునే గృహిణులుగా చూపడం వల్లే వాళ్ళ కూలి అంత తక్కువగా నిలిచిందని ఆమె వాదించింది. అంటే నేను మెచ్చుకున్న ఆ నిలకడకు కట్టిన మూల్యం చవక శ్రమే. ఇది కాదనలేను. కాకపోతే అదే వాదాన్ని ముందుకు నడిపితే నా మాటకే బలం చేకూరుతుంది. అల్లికతో బతకలేమని చూసిన కూతురు సూది పట్టదు. ఏలూరు తివాచీకి పేరు మిగిలినంతగా ముడులు వేసే చేతులు మిగలకపోవడానికి గిట్టుబాటు లేకపోవడమూ ఒక కారణం. కూలి తక్కువ చేసి డబ్బు మిగుల్చుకోవడమంటే రేపటి ఫ్యాషన్‌ను ఈరోజే తినేయడం.

కాబట్టి రాబోయే ఫ్యాషన్ తెలియాలంటే ప్యారిస్ ప్రదర్శనతో పాటు పెడన అద్దకం షెడ్డులోనూ, నరసాపురం అరుగు మీదా కొత్తగా పని నేర్చుకుంటున్నవారు ఎందరున్నారో చూడాలి. గుర్తింపు పత్రం పేరును కాపాడుతుంది, పని ఇవ్వదు. పని ఇచ్చేది మోజు లేని ఏడాది కూడా పెట్టే చిన్న ఆర్డరు, దానికి కట్టే సరైన ధర. పెళ్ళికి వంద చీరలు దించే కొట్టు అందులో అయిదు అసలు అద్దకం చీరలు అడిగితే, వచ్చే ఇరవై ఏళ్ళ ఫ్యాషన్ గురించి అంతకంటే నమ్మదగిన జోస్యం మరొకటి ఉండదు.