ప్రశ్న కూర్చే నేర్పు
"కాగితం పూల మొక్కలో రంగురంగులుగా కనిపించేవి రేకులు కావు. మరేమిటి?" కడియం నర్సరీల్లో రోజూ ఆ మొక్కల మధ్యే తిరిగేవాళ్లను సైతం నిలబెట్టేసే ప్రశ్న ఇది. జవాబు: ఆకులే! ఆ రంగుటాకుల నడుమ సన్నగా, తెల్లగా ఉండేదే అసలు పువ్వు. ఈ మొక్కకున్న బూగన్‌విల్లా అన్న పేరేమో ఫ్రెంచి నావికుడు బూగన్‌విల్ నుంచి వచ్చింది.

మంచి క్విజ్ ప్రశ్న కూర్చడానికి అంటు కట్టేంత ఓపిక కావాలి. ఎవరికీ తెలియనిది అడగడం తేలిక. కళ్లెదుట ఉన్నదాన్నే కొత్తగా చూపించి, ఆలోచిస్తే జవాబు దొరికే దారిని ప్రశ్నలోనే దాచడం అసలు పనితనం. రాత్రిపూట ఫోన్లలో క్విజ్ ఆడుకునే ఔత్సాహికుల్లో అలా కూర్చగలిగినవాళ్లంటే నాకెంతో గౌరవం. హైదరాబాద్‌లో వింగ్ కమాండర్ జి.ఆర్. ముల్కీ 1972లో మొదలుపెట్టిన కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్ మన దగ్గర ఈ విద్యకు పుట్టిల్లు వంటిది.

ఈసారి కడియం వస్తే, ఆ తెల్లపువ్వును దగ్గరగా చూడండి.