కావిడి ఎత్తే తీరు, దించే తీరు

అరకులోయ సంతకు పైగూడేల నుంచి కావిళ్లు దిగుతాయి. చోళ్లు, పసుపు, అల్లం, పనసకాయలు, కొండచీపుర్లు... కాలాన్ని బట్టి సరుకు మారుతుంది గానీ మోసే తీరు మారదు. ఆటోలు, జీపులు ఇప్పుడు చాలా పైదాకా వెళ్తున్నాయి. అయినా రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి భుజమే దిక్కు. జిమ్ముల్లో పెద్ద బరువులకు ఉవ్విళ్లూరే మన కుర్రాళ్లు ఈ కావిడి మనిషిని ఒక్కసారి దగ్గరగా చూడాలని నా కోరిక.

ముదురు వెదురును చీల్చి, నడుమ మందంగా, కొసలకు పోనుపోను పల్చగా ఉండేలా కావిడి బద్ద చెక్కుతారు. తట్టలు వేలాడే తాడు జారకుండా కొసల్లో గాట్లు పెడతారు. మోసేటప్పుడు బద్ద ఊగుతుంటే చూసేవాళ్లకు భయం వేస్తుంది. భుజాన్ని కాపాడేది ఆ ఊపే. 1991లో రాడ్జర్ క్రామ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఊగే బద్దలతో మనుషుల్ని పరుగెత్తించి కొలిచాడు. శ్రమేమీ తగ్గలేదు గానీ, అడుగడుక్కీ భుజం మీద పడే అదురు తగ్గింది.

ఎత్తేటప్పుడు చూడాలి. కావిడి మనిషి రెండు తట్టల మధ్య గొంతుక్కూర్చుంటాడు. మడతపెట్టిన తువ్వాలు భుజాన వేసుకుని, దాని మీదకు బద్ద తెచ్చుకుంటాడు. వెంటనే లేవడు. కాస్త పైకి లేపి, ఎటు మొగ్గుతోందో చూస్తాడు. మొగ్గితే అక్కడే దించి సరుకు సర్దుతాడు, లేదంటే భుజాన్ని బరువున్న వైపుకు జరుపుతాడు. అప్పుడు వీపు నిటారుగా ఉంచి తొడల బలంతో లేస్తాడు. ఊపుకు తగ్గట్టు చిన్న చిన్న అడుగులతో గబగబా సాగుతాడు. భుజం నొస్తే మెడ వెనక నుంచి రెండో భుజానికి మార్చుకుంటాడు. ఎక్కుడు దారిలో ముందు తట్ట నేలకు కొట్టుకోకుండా కావిడిని ఏటవాలుగా తిప్పుకుంటాడు. చివరికి మోకాళ్లు వంచి, రెండు తట్టలూ ఒక్కసారే నేలను తాకేలా దించుతాడు.

ఆ దించడమే మన జిమ్ముల్లో సరిగా నేర్పడం లేదు. స్టాండు మీదున్న బార్‌కు ఒక వైపు ప్లేట్లన్నీ తీసేస్తే, రెండో వైపు బరువుకు అది తిరగబడి మనిషిని కొడుతుంది. కాబట్టి రెండు వైపులా కొంచెం కొంచెంగా తీయాలి. స్క్వాట్ చేసేవాళ్లు ముందు ఖాళీ బార్‌తో కిందిదాకా కూర్చుని, అంతకు కాస్త దిగువన రక్షణ కడ్డీలు అమర్చుకోవాలి. పడుకుని ఎత్తే బెంచ్ ప్రెస్ మరీ ప్రమాదం. చెయ్యి సడలితే బార్ వచ్చేది ఛాతీ మీదకో గొంతు మీదకో. బొటనవేలు బార్ చుట్టూ బిగించాలి, తల దగ్గర పని తెలిసిన మనిషి నిలబడాలి, ఎన్నిసార్లు ఎత్తబోతున్నారో అతనికి ముందే చెప్పాలి. నెత్తిమూట ఎత్తుకునే ఆడవాళ్లు చుట్టకుదురు పెట్టుకుని, పక్కనున్న అమ్మాయిని ఓ చెయ్యి వెయ్యమంటారు. అందులో నామోషీ ఏముంది?

వదిలేయడం కూడా విద్యే. శ్రీకాకుళం ఆడబిడ్డ, వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు ఎత్తింది. ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలు నిలవలేదు. అయినా కాంస్యం దక్కింది, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. బార్ ముందుకు పడుతుంటే మనిషి వెనక్కి, వెనక్కి పడుతుంటే ముందుకు తప్పుకోవడం ఆ ఆటలో మొదటి పాఠాల్లో ఒకటి. రబ్బరు ప్లేట్లు, గట్టి వేదిక ఉన్నచోటే బార్‌ను అలా వదిలేయాలి.

భుజాల మీద సాగే మరో మోత, డోలీ గురించి చెప్పకుండా ఉండలేను. రోడ్డు లేని గూడేల నుంచి నిండు చూలాళ్లను, రోగులను ఇంకా డోలీలో మోసుకొస్తున్నారు. ఇద్దరు మోస్తుంటే, మార్చుకోవడానికి మరికొందరు వెంట నడుస్తారు. ఈ మోత ఆగిపోవాలి, రోడ్డు రావాలి. కావిడి నేర్పు మాత్రం పోకూడదు. ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల వ్యాయామ తరగతుల్లో దానికి ఓ గంట కేటాయించవచ్చు. బద్ద చెక్కి చూపించి, ఎత్తడం, దించడం నేర్పగల పెద్దలు గూడేల్లో ఇంకా ఉన్నారు.